ప్రథమ శ్రేణి పొడి స్థలం

కృపావరానికి చాలా ఏళ్ళుగా ఒక సందేహం ఉంది. దేవుడు బాతు ఈకలకి నూనె రాసి పంపాడు. ఎంత వాన కురిసినా ఒకసారి ఒళ్ళు దులుపుకుంటే చాలు, బాతు పొడిగా ఉంటుంది. కోడి దగ్గరికి వచ్చేసరికి ఆ నూనె అయిపోయినట్టుంది. తడిసిన కోడి ముడుచుకుపోతుంది, ముక్కు కారుతుంది, నాలుగో రోజుకి తల వాల్చేస్తుంది. రెండింటినీ ఒకే రోజున చేశాడని చిన్నప్పుడు ఆదివారం బడిలో చెప్పారు. ఒకే రోజు చేసిన రెండు పక్షుల మధ్య ఇంత తేడా ఎందుకు? దేవుణ్ణి తప్పు పట్టడానికి కాదు, ఊరికే తెలుసుకుందామని. పాస్టరు గారిని అడిగితే "ప్రార్థనలో పెడదాం" అన్నారు. ప్రార్థనలో ఉండగానే ఆయనకి బదిలీ అయింది. తర్వాత వచ్చిన పాస్టరు గారికి కోడితో పరిచయమంతా విస్తట్లోనే.

జవాబు వచ్చేలోపు కోళ్ళు తడవకూడదు గనుక, కృపావరం తన వంతు పని తాను చేసుకున్నాడు. ఆయన ముప్ఫై ఆరేళ్ళు కాలవ లాకు దగ్గర లస్కరుగా పనిచేసి రిటైరైన మనిషి. తలుపులెత్తడం, దించడం, ఏ బోదెకి ఎంత నీరు వదలాలో చూడడం ఆయన ఉద్యోగం. లాకులపేటలో ఆయన ఇంటి వెనక పద్నాలుగడుగుల పొడవు, పదడుగుల వెడల్పున కోళ్ళ దొడ్డి కట్టాడు. అడుగున కొబ్బరి డొక్కలు పరిచి, వాటి మీద ఇసుక పోసి, నేలని మూరెడు ఎత్తు లేపాడు. పైన ఊక, పొయ్యి బూడిద కలిపి జల్లాడు. తాటాకు చూరు గోడల కంటే రెండు మూరలు బయటికి దించాడు. జల్లు కొట్టే పడమటి పక్క గోనె పరదాలు కట్టాడు. కోళ్ళు తాగే నీళ్ళ మూకుడు దొడ్డి లోపల కాకుండా బయట, చూరు కింద, ఇటుక మీద పెట్టాడు. దొడ్డి చుట్టూ జానెడు లోతు బోదె తవ్వి వీధి కాలవలోకి కలిపాడు. రోజూ తెల్లవారి ప్రార్థన అయ్యాక పారతో ఊకని కింద మీద చేసి, తడి ఉన్న చోట తీసి పారేసి పొడి ఊక వేసేవాడు. అందులో రహస్యం ఏమీ లేదు. రోజూ చేయడమే అందులో పెద్ద పని.

ఆ ఆగస్టులో దొడ్డి నైరుతి మూల, బుట్టలో, బూడిదరంగు పెట్ట ఒకటి పొదుగుకి కూర్చుంది. దాని కింద పదకొండు గుడ్లు. పదకొండూ నల్లకోడి గుడ్లే. దీనమ్మ, అంటే కృపావరం భార్య, వాటిని రెండు ఊళ్ళు తిరిగి తెచ్చింది. గుడ్లు బేసి సంఖ్యలో పెట్టాలని పక్కింటి ఆదెమ్మ వచ్చి, పన్నెండోది తీసి అట్టు వేయించి మరీ వెళ్ళింది.

ఆ గుడ్లలోంచి వచ్చే పిల్లల్లో ఒకటి ఆదెమ్మదే. తొమ్మిదేళ్ళ కిందట దీనమ్మ టైఫాయిడ్‌తో మంచం పట్టినప్పుడు, ఆదెమ్మ తన దగ్గరున్న ఒక్కగానొక్క నల్లపెట్టని కోసి, వారం రోజులు పులుసు కాచి తాగించింది. గుడ్లు పెడుతున్న పెట్ట అది. కృపావరం డబ్బివ్వబోతే "డబ్బెందుకన్నియ్యా, మీ పెట్ట పిల్లల్ని లేపినప్పుడు ఓ నల్లపెట్టని ఇద్దురుగాని" అంది. ఒక ఏడు ముంగిస పడింది. ఒక ఏడు తెగులు. రెండేళ్ళ కిందట వానకి భయపడి, కూర్చున్న పెట్టని బుట్టతో సహా వంటింట్లోకి మారిస్తే, అది గుడ్లు వదిలేసి దొడ్లోకి పరిగెత్తి, పాత మూలలోనే వట్టి నేల మీద కూర్చుంది. గుడ్లు చల్లబడిపోయాయి. ఆదెమ్మ ఎప్పుడూ అడగలేదు. అడిగితే కృపావరానికి కాస్త తేలిగ్గా ఉండేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పెద్ద అధికారి ఒకరు లాకు రోడ్డు మీద కారులో వెళ్తూ, అద్దంలోంచి వానలో వణుకుతున్న కోడిని చూశారు. ఆయన మనసు కరిగింది. మనసు కరిగిన అధికారి కారు దిగి కోడిని ఏదో ఒక అరుగు మీద పెట్టవచ్చు, లేదా ఉత్తర్వు జారీ చేయవచ్చు. బయట వాన పడుతోంది కాబట్టి ఆయన ఉత్తర్వు జారీ చేశారు.

దాని పేరు పెరటి కోళ్ళ పొడి వసతి ఉత్తర్వు. వానాకాలంలో కోడి నివసించు నేల యందు తేమ పన్నెండు శాతం మించరాదు, మించినచో యజమానికి నోటీసు ఇవ్వవలెను అని అందులో ఉంది. నేలని ఎలా ఆరబెట్టాలో లేదు. తేమని ఎలా కొలవాలో మాత్రం పదకొండు పేజీలు ఉంది.

కొలవడానికి తేమ నియంత్రణాధికారి లోకనాథం గారు, ఆయన గుమాస్తా భీమశంకరం వచ్చారు. లోకనాథం గారు వాస్తు మీద గొప్ప నమ్మకం ఉన్న మనిషి. ఏ ఆవరణలోనైనా నమూనా ఈశాన్య మూల నుంచే తీయాలని ఆయన సొంతంగా ఫారంలో అచ్చు వేయించారు. భీమశంకరానికి రిటైర్మెంటు ఇంకా నాలుగేళ్ళు ఉంది. ఒక చేత్తో అధికారి గారి గొడుగు, ఇంకో చేత్తో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన మీటరు పట్టుకుని, తాను తడుస్తూ వచ్చాడు.

"ఆవరణము ఇదేనా?" అన్నారు లోకనాథం గారు.

"ఆయ్. కోళ్ళ దొడ్డండి," అన్నాడు కృపావరం. మీటరు వైపు చూసి, "ఇది వడ్ల మిషను కదండీ? ధాన్యం కొనేటప్పుడు పెడతారు," అన్నాడు.

"తేమ అనునది ఎక్కడైనా తేమయే. వడ్లలో ఉన్నంత మాత్రమున దాని స్వభావము మారదు."

"మరేనండి," అన్నాడు కృపావరం. ఊక వడ్లదే కాబట్టి మిషను బాధపడదులే అనుకున్నాడు.

భీమశంకరం ఈశాన్య మూల గుప్పెడు ఊక తీసి మిషనులో పోశాడు. తొమ్మిది చూపించింది. అప్పటికి పేటలో ముప్ఫై రెండు దొడ్లు కొలిచారు. ఇరవై ఎనిమిదికి తక్కువ ఎక్కడా రాలేదు. లోకనాథం గారు మిషను పాడైందన్నారు. పరీక్ష కోసం భీమశంకరం తన చొక్కా జేబులోంచి ఇంటి నుంచి తెచ్చుకున్న వేరుశనగ గుళ్ళు తీసి పోస్తే, మిషను నలభై రెండు చూపించింది. మిషను బాగానే ఉంది. గుమాస్తాయే తడిసిపోయాడు.

"ఇట్లు నిర్మించమని నీకు ఎవరు ఆదేశించారు?"

"ఎవరూ చెప్పలేదండి. నీరు ఎటెళ్తందో చూసేనండి."

"చూసి?"

"అటే ఎళ్ళనిచ్చేనండి."

లోకనాథం గారు గుమాస్తా వైపు తిరిగి, "సాంకేతికత స్థానికము అని రాసుకో," అన్నారు.

"బాబూ, పేటలో మిగతావోళ్ళకి కూడా నేనే చూపిత్తానండి. ఇంటికి రెండ్రోజుల పని. డొక్కలు, ఊక ఊళ్ళోనే దొరుకుతాయి."

"ఉత్తర్వులో చూపించుట లేదు. కొలుచుటయే ఉన్నది," అన్నారు లోకనాథం గారు. ముప్ఫై రెండు ఇళ్ళకి నోటీసులు వెళ్ళాయి. కృపావరానికి మాత్రం గుండ్రటి ముద్రతో ధ్రువపత్రం వచ్చింది. లాకులపేట పరిధిలో ప్రథమ శ్రేణి పొడి స్థలము, ఒకటి. దీనమ్మ దాన్ని వాక్యాల క్యాలెండరు పక్కన మేకుకి తగిలించింది.

"ఏవయ్యా, ఈ కాయితం కోళ్ళకిచ్చేరా, మనకిచ్చేరా?" అని అడిగింది.

"స్థలానికిచ్చేరే," అన్నాడు కృపావరం. ఆ మాటలోని ప్రమాదం ఆయనకి వారం తర్వాత అర్థమైంది.

వారం తర్వాత వేరే శాఖ నుంచి వేరే ఉత్తర్వు వచ్చింది. ఆ శాఖకి కోళ్ళ సంగతి తెలియదు, కోళ్ళ శాఖకి దాని సంగతి తెలియదు. వానాకాల ముందు జాగ్రత్తగా ప్రభుత్వ రికార్డులన్నిటినీ ఆయా ప్రాంతములలో ధ్రువీకరింపబడిన ప్రథమ శ్రేణి పొడి స్థలములకు తరలించవలెను అని అందులో ఉంది. జాబితా తెప్పించి చూశారు. లాకులపేట జాబితాలో ఒకే పేరుంది.

నాలుగు ట్రక్కు ఆటోల్లో రికార్డులు దిగాయి. వాటి వెనక లోకనాథం గారి స్కూటరు దిగింది. రికార్డుల తేమకి కూడా ఆయన్నే బాధ్యుణ్ణి చేశారట.

"రికార్డుల గదిలో పశుపక్ష్యాదులకు ప్రవేశము లేదు," అని ఆయన ప్రకటించారు. "అయినను ప్రభుత్వము ఎవరికీ అన్యాయము చేయదు. ఖాళీ అయిన మా పాత రికార్డు గదిని కోళ్ళకు ప్రత్యామ్నాయ వసతిగా కేటాయించడమైనది."

"అది కారుద్దనే కదండీ మీరు ఇటొచ్చేరు?"

"రికార్డులకు పనికిరాదని మాత్రమే తేలినది. కోళ్ళకు పనికిరాదని ఎక్కడా తేలలేదు."

ఆరు పెట్టల్ని, ఒక పుంజుని గంపల్లో పెట్టి తీసుకెళ్ళారు. బూడిదపెట్ట మాత్రం బుట్టలోంచి కదలలేదు. భీమశంకరం చెయ్యి చాపితే మణికట్టు మీద ఒక్క పోటు పొడిచింది.

"దాన్ని కదపకండి బాబూ," అన్నాడు కృపావరం. "ఎనిమిదో రోజండి. పొదుగు మీద ఉన్నాది. ఇప్పుడు లేపితే గుడ్లన్నీ మురిగిపోతాయి. ఇంకో పదమూడు రోజులు. ఆ గుడ్లు నావి కాదండి, ఒకరికి ఇయ్యాల్సినియ్యి."

"నియమము నియమమే."

కృపావరం తల గోక్కున్నాడు. ఆయన ఎవరినీ ఎదిరించి మాట్లాడే మనిషి కాడు. తెలియనిది అడుగుతాడు, అంతే. "పక్షులకి లేదన్నారు సరేనండి. మరి ఈ గదిలోకి ఎవరు రావొచ్చండి?"

"సిబ్బంది."

"సిబ్బంది ఏం చేత్తారండి ఇందులో?"

జవాబు భీమశంకరం చెప్పాడు. "కూర్చుంటారు."

ముగ్గురూ బుట్ట వైపు చూశారు. బూడిదపెట్ట ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసుకుని, ఇరవయ్యేళ్ళ సర్వీసున్న దానిలా కూర్చుని ఉంది.

భీమశంకరం మణికట్టు రుద్దుకుంటూ తెల్లకాగితం తీశాడు. తాత్కాలిక రికార్డు కావలి, ఒక పోస్టు. కాలపరిమితి ఇరవై ఒక్క రోజులు, ఇందులో ఎనిమిది రోజులు ఇదివరకే పూర్తయినవి. జీతభత్యములు లేవు. పనివేళలు, రాత్రింబవళ్ళు. లోకనాథం గారు రెండుసార్లు చదివి, ఎక్కడా నియమోల్లంఘన కనబడక సంతకం చేశారు. హాజరు పట్టీలో పేరు రాయడానికి ఇంటిపేరు కావాలంటే కృపావరం తన ఇంటిపేరే ఇచ్చాడు.

మూడో రోజున జిల్లా నుంచి ఆకస్మిక తనిఖీ వచ్చింది. పది గంటలకి సీట్లో ఎవరున్నారో ఫోన్లో ఫొటో తీసి పంపమన్నారు. లోకనాథం గారు దారిలో ఉన్నారు. భీమశంకరం టీ కొట్లో ఉన్నాడు. సీట్లో ఉన్నది బూడిదపెట్ట ఒక్కటే, దాని ఫొటో దీనమ్మ తీసి పంపింది. మర్నాడు జిల్లా నుంచి మెమో వచ్చింది. మీ కార్యాలయములో ఒక్క తాత్కాలిక ఉద్యోగి తప్ప తక్కినవారు సమయపాలన పాటించుట లేదు, సదరు ఉద్యోగిని చూసి నేర్చుకొనవలెను అని.

మెమో దెబ్బకి లోకనాథం గారు తన కుర్చీ, బల్ల తెప్పించి దొడ్డిలోనే వేయించుకున్నారు. ఆగ్నేయ మూల, దాని పక్క గోడల పొడవునా, రికార్డుల బీరువాలు నిలబెట్టారు. వాయవ్య మూల కుర్చీ పడింది. నైరుతిలో బుట్ట ఉంది. ఈశాన్యం బరువులేకుండా ఖాళీగా ఉండాలని లోకనాథం గారు పట్టుబట్టి, అక్కడ చీపురు కూడా పెట్టనివ్వలేదు. ఆయనకి ఇన్నేళ్ళ ఉద్యోగంలో కాళ్ళు పొడిగా ఉండడం అదే మొదలు. బూట్లు విప్పి ఊకలో పాదాలు పెట్టుకుని సంతకాలు చేసేవారు.

ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఏ స్థలానికైనా కార్యాలయ హోదా వచ్చాక అభివృద్ధి తప్పదు. కార్యాలయ ప్రాంగణము చుట్టూ గోతులు ఉండరాదని నియమం ఉంది. కృపావరం తవ్విన బోదెని గొయ్యి అని నిర్ధారించి, ఉత్తరం, తూర్పు పక్కల సిమెంటు పోసి పూడ్చారు. బోర్డు కట్టడానికి అడ్డొస్తోందని ఉత్తరం పక్క చూరు రెండు మూరలు కోసేశారు. ఆ బోర్డు మీద పొడి స్థలము అని ఎర్ర అక్షరాలతో రాయించారు.

"చూరు కోసేత్తే జల్లు లోపలికొత్తాదండి," అన్నాడు కృపావరం.

"బోర్డు ఎవరికీ కనబడకపోతే ఇది పొడి స్థలమని ఎట్లు తెలియును?" అన్నారు లోకనాథం గారు.

ఊక తిరగెయ్యడానికి పార పట్టుకుని వెళ్తే, రికార్డు గదిలో అనుమతి లేకుండా తవ్వకాలు చేయరాదని భీమశంకరం ఇబ్బందిగా చెప్పాడు. అటు పాత రికార్డు గదిలో కప్పు కారి, కోళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి నిలబడుతున్నాయి. కృపావరం బస్తా ఊక మోసుకెళ్తే, ప్రభుత్వ భవనంలో బయటి వస్తువు వేయకూడదని కాపలావాడు ఆపాడు. అక్కడికెళ్ళిన మూడో రోజుకి పుంజు కూయడం మానేసింది. నాలుగో రోజున కృపావరం చేతికి నోటీసు వచ్చింది. మీ కోళ్ళు నివసించు నేల యందు తేమ నలభై ఒక్క శాతముగా నమోదైనందున, ఏడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను.

నోటీసు పట్టుకుని కృపావరం తన దొడ్డిలోకే, గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, అనుమతి అడిగి వెళ్ళాడు.

"గది మీదే కదండీ?"

"గది మాదే. కోళ్ళు నీవి. తేమ కోళ్ళ కింద ఉన్నది. కావున తేమ నీది," అన్నారు లోకనాథం గారు, పాదాలు ఊకలో ఇంకొంచెం లోపలికి పెట్టుకుంటూ.

దీనమ్మకి ఈ భాష రాదు. ఆవిడ మర్నాడు ఉదయం గిన్నెలు తోముకోవడానికి వెళ్తున్నట్టు రెండు గంపలు పట్టుకెళ్ళి, కాపలావాడికి పకోడీ పొట్లం ఇచ్చి, ఏడు కోళ్ళనీ తెచ్చి వంటింట్లో పొయ్యి పక్కన వదిలింది. రికార్డుల ప్రకారం అవి గదిలోనే ఉన్నాయి గనుక ఎవరూ వెతకలేదు. ఖాళీ గదిలో రోజూ తేమ కొలిచి రాస్తూనే ఉన్నారు.

"అయ్యి దక్కేయి," అంది దీనమ్మ, పుంజుకి మిరియాలు కలిపిన అన్నం ముద్ద పెడుతూ. "బుట్టలోదో?"

"దాన్ని కదపలేం. అది తెలుసు కదా."

"మరి పెద్ద వానొత్తే?"

పెద్ద వాన పొదుగు పదహారో రోజున వచ్చింది. మబ్బు కాలవ మీద నల్లగా దిగి, పొద్దున్నుంచి ఎడతెరిపి లేకుండా కొట్టింది. కోసేసిన చూరు మీద నుంచి ధారలు గోడ మొదట్లో పడుతున్నాయి. బోదె ఉంటే అవి బోదెలో పడి వీధి కాలవకి పోయేవి. ఇప్పుడు సిమెంటు మీద పడి, గోడ కిందుగా, లోపలి ఇసుకలోకి దారి వెతుక్కున్నాయి. ఆ రోజు సెలవు. దొడ్డిలో పెట్ట తప్ప సిబ్బంది ఎవరూ లేరు.

కృపావరం తలుపు తీసి నిలబడి, ముప్ఫై ఆరేళ్ళు లాకు మీద నిలబడి చూసినట్టు చూశాడు. నీరు ఉత్తరపు గోడ మధ్యలో లోపలికి వస్తోంది. నేల వాలు కొద్దిగా నైరుతి వైపు ఉంది. ఊక అడుగున తడి గీత సన్నగా, తొందరలేకుండా, బుట్ట వైపు నడుస్తోంది. సాయంత్రానికి చేరుతుంది. పెట్ట తల ఎత్తి ఆయన వైపు చూసి, మళ్ళీ దించేసుకుంది. దానికి వెళ్ళిపోయే ఆలోచన లేదు. నీళ్ళొచ్చినా అలాగే కూర్చుంటుంది. గుడ్లు చల్లబడేదాకా కూర్చుంటుంది.

"ఏవయ్యా, ఆపలేవా?" అంది వెనక నుంచి దీనమ్మ.

"లోపలికొచ్చిన నీరు ఆగదే. ఎటో అటు పంపాలి."

ఎటు? నైరుతిలో పెట్ట ఉంది. ఆగ్నేయంలో నలభయ్యేళ్ళ రికార్డులున్నాయి, వాటిలో పేటలో వాళ్ళందరి స్థలాల కాగితాలూ ఉన్నాయి. వాయవ్యంలో కుర్చీ ఉంది. దాని మీద అధికారి గారి శాలువా ఉంది. ఇంకొకళ్ళ వస్తువు మీదికి నీళ్ళు వదలడం లస్కరు చేసే పని కాదు. ఖాళీగా ఉన్నది ఒక్క ఈశాన్యం. అది ఎందుకు ఖాళీగా ఉందో ఆయనకి తెలుసు. మర్నాడు పక్షానికోసారి తీసే తేమ నమూనా రోజని కూడా తెలుసు. ఆ నమూనా ఎక్కడ తీస్తారో ఇంకా బాగా తెలుసు.

ఆయన తలగుడ్డ తీసి, అక్కడే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ప్రభువా, నీళ్ళు నువ్వు పంపినియ్యే. నేను ఒక్క బెడ్డ మాత్రం పక్కకి జరుపుతున్నాను. జరిపితే ఏమవుద్దో కూడా నాకు తెలుసు. తెలీదని నీ దగ్గర అనను," అన్నాడు. తర్వాత లేచి, బొటనవేలితో ఇసుకలో ఉత్తరపు గోడ నుంచి ఈశాన్యానికి సన్నటి గీత గీసి, నైరుతి వైపు దారికి మట్టిబెడ్డ ఒకటి అడ్డం పెట్టాడు. తడి గీత ఒక్క క్షణం ఆగింది. ఆలోచించుకున్నట్టు ఆగి, తూర్పుకి తిరిగింది.

పదిహేడో రోజు ఉదయం లోకనాథం గారు ఈశాన్య మూలకి దణ్ణం పెట్టుకుని నమూనా తీయించారు. మిషను ముప్ఫై నాలుగు చూపించింది.

"ఇది అసంభవము," అన్నారాయన. కుర్చీ కింద ఊక పట్టుకుని చూశారు, పొడిగానే ఉంది. "భీమశంకరం, ఇక్కడ తీసి కొలువు."

"ఫారంలో ఈశాన్యమే అచ్చయి ఉందండి. మీరే వేయించారు."

కృపావరానికి ఇక ఉండబట్టలేదు. "బాబూ, ఆ నీళ్ళు నేనే అటు తిప్పేనండి. బోదె పూడ్చేక నీరు లోపలికొచ్చింది. పెట్ట కిందకి ఎళ్తంటే నేనే గీత గీసి మూలకి మళ్ళించేను. అబద్ధం ఎందుకండి, చెప్పేత్తన్నాను."

లోకనాథం గారు భీమశంకరం వైపు చూశారు. భీమశంకరం ఫారం పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చదివాడు.

"తేమ ఎంత అని గడి ఉందండి. ఎందుకు అని గడి లేదు," అన్నాడు.

"అయితే ఇతని మాట ఎక్కడ రాయవలెను?"

"ఎక్కడా రాయక్కర్లేదండి."

తేమ పన్నెండు మించింది గనుక ఆ స్థలం ప్రథమ శ్రేణి కాదు. ప్రథమ శ్రేణి కాని స్థలంలో రికార్డులుంచితే, రెండో ఉత్తర్వు ప్రకారం, బాధ్యుడైన అధికారి మీద చర్య. మధ్యాహ్నం లోపల మరో పొడి స్థలం కావాలి. మిషను పట్టుకుని ఊరంతా తిరిగితే చివరికి రొట్టెల బట్టీ గది నాలుగు శాతం వచ్చింది. ట్రక్కు ఆటోలు మళ్ళీ వచ్చాయి. రికార్డులు బట్టీలోకి వెళ్ళాయి. రికార్డుల గదిలో నిప్పు నిషిద్ధం కాబట్టి బట్టీ ఆర్పేశారు. లాకులపేటకి ఆ వానాకాలమంతా బన్ను లేదు. బట్టీ ఆరిన వారానికి ఆ గదిలో తేమ ఎంత వచ్చిందో, అక్కడి నుంచి రికార్డులు ఎటు వెళ్ళాయో ఇక్కడ చెప్పడం లేదు. ఆ ప్రయాణం ఇంకా ముగియలేదు.

వెళ్ళేటప్పుడు లోకనాథం గారు బూట్లు తొడుక్కుంటూ ఊక వైపు ఒకసారి దిగులుగా చూశారు. "నీ స్థలము మా ప్రమాణములకు తగినది కాదయ్యా," అన్నారు.

"చిత్తవండి," అన్నాడు కృపావరం. ఆటోలు మలుపు తిరగకముందే గునపం తెచ్చాడు.

ఆ సాయంత్రానికల్లా సిమెంటు పగిలి బోదె బోదె అయింది. చూరుకి కొత్త తాటాకు కట్టాడు. బోర్డు పడదోసి, దాన్ని కోళ్ళ కింద బల్లగా వేశాడు. తడి ఊక తీసి, పొడి ఊక, బూడిద జల్లాడు. దీనమ్మ వంటింట్లోంచి ఏడు కోళ్ళనీ తోలుకొచ్చింది. మర్నాడు పుంజు కూసింది.

ఇరవై ఒకటో రోజు పొద్దున బుట్టలోంచి సన్నటి చప్పుడు వినిపించింది. మధ్యాహ్నానికి పదకొండు గుడ్లలో తొమ్మిది పగిలాయి. తొమ్మిది ముద్దలు, నల్లగా, తడితడిగా, తల్లి రెక్కల కింద నుంచి తలలు బయటికి పెట్టాయి. గంటలో అవి ఆరిపోయాయి.

అప్పుడే భీమశంకరం సైకిలు దిగాడు. ఈసారి గొడుగు తన కోసమే వేసుకున్నాడు. జేబులోంచి కాగితం తీసి బుట్ట ముందు చదివాడు. సదరు తాత్కాలిక రికార్డు కావలి, నిర్ణీత కాలపరిమితి పూర్తి చేసినందున, నేటి మధ్యాహ్నము నుండి విధుల నుండి తప్పించడమైనది. ఒక్క దినము కూడా సెలవు వాడుకొనలేదు.

"పైవాళ్ళు అడుగుతారని రాశానండి," అన్నాడు కృపావరంతో, కొంచెం సిగ్గుపడి. తర్వాత గొంతు తగ్గించి, "మా ఇంట్లో కూడా నాలుగు కోళ్ళున్నాయి బాబాయ్. తేమ ముప్ఫై ఒకటి వచ్చింది. ఆ డొక్కలు ఎలా పరచాలో కాస్త చెప్తావా?" అన్నాడు.

"కూర్చో," అన్నాడు కృపావరం. ఉత్తర్వు వచ్చాక ఆ మాట అడిగిన మొదటి మనిషి అతను.

తొమ్మిదిలో రెండింటిని గద్ద తన్నుకుపోయింది. ఏడు మిగిలాయి. ఏడింట్లో నాలుగు పుంజులు తేలాయి, మూడు పెట్టలు. డిసెంబరు చివర్లో ఒక తుపాను వెళ్ళిన మర్నాడు, నేల ఇంకా చిత్తడిగా ఉండగా, కృపావరం వాటిలో బాగా నల్లగా, నిగనిగలాడుతున్న పెట్టని చంకలో పెట్టుకుని ఆదెమ్మ ఇంటికి వెళ్ళాడు. దీనమ్మ పైట చెంగు కోడి మీద కప్పి, వెనకాలే నడిచింది.

ఆదెమ్మ వాకిట్లో చేపలు తోముతోంది. చూసి, చేతులు కడుక్కోకుండానే లేచింది.

"ఇదేంటన్నియ్యా?"

"మీదేనమ్మా. తొమ్మిదేళ్ళయింది."

"అది ఇంకా గుర్తుందా మీకు? నేనెప్పుడో మర్చిపోయేను," అంది ఆదెమ్మ. కానీ చేతులు చాపింది. పెట్ట కాళ్ళు చూసింది, ముక్కు చూసింది, ఈకల్ని ఊది అడుగున చర్మం చూసింది. "నా పెట్ట ఇంతకన్నా బరువుండేది వొదినా."

"ఉండేదే," అంది దీనమ్మ. "ఆ పులుసు తాగింది నేనే కదా."

ఆదెమ్మ నవ్వి, లోపలికెళ్ళి, గంప తెచ్చి, గచ్చు మీద పొడి చోటు చూసి, పెట్టని దాని కింద పెట్టింది. గుప్పెడు నూకలు జల్లింది. పెట్ట ఒకటి ఏరుకుంది, రెండోది ఏరుకుంది. కృపావరం అది తినడం చూసేదాకా నిలబడి, తర్వాత ఇంటికి తిరిగాడు.